బ్యూక్ గ్రాండ్ నేషనల్ : భద్రపరచిన టర్బో కారును పరీక్షించు విధానం

ఉష్ణగతిక శాస్త్రం చదివే విద్యార్థి సంపీడనం, వ్యాకోచం, ఉష్ణోగ్రత అనే మాటలను ఎక్కువగా గ్రాఫు కాగితం మీదనే చూస్తాడు. అవే మాటలు ఒక పాత కారు క్రయవిక్రయాలలో వేలాది డాలర్ల తేడాకు కారణమయ్యే సందర్భం కలదు. అమెరికాలో 1980 దశాబ్దంలో తయారైన బ్యూక్ గ్రాండ్ నేషనల్ అనే నల్లని కారు నేటికీ అక్కడ అమ్మకానికి వస్తూనే ఉన్నది. "ఒకే యజమాని, తక్కువ మైళ్లు, గరాజులో భద్రపరచినది" అనే మాటలతో దానిని అమ్మజూపుట పరిపాటి. ఈ మాటలలో ఏది యంత్రపు గుణం, ఏది పైమెరుగు అని విడదీయుటకు ఆ కారు ఎట్లా పుట్టినదో, దాని ఇంజను ఎట్లా పనిచేస్తుందో ముందుగా తెలియవలెను.

బ్యూక్ వారి ఆరు సిలిండర్ల వి-6 ఇంజను చరిత్ర విచిత్రమైనది. 1962 నమూనా కార్లలో వెలువడిన ఈ ఇంజనుకు ఆనాడు ఆదరణ అంతంతమాత్రమే. పెట్రోలు చవకగా దొరికే ఆ రోజులలో ఎనిమిది సిలిండర్ల ఇంజను మీదనే అందరికీ మోజు. అందువలన 1967లో దాని తయారీ సామగ్రిని కైజర్ జీప్ సంస్థకు అమ్మివేశారు. 1973లో చమురు సంక్షోభం వచ్చినది. పొదుపైన ఇంజను కావలసివచ్చి 1974లో అదే సామగ్రిని అమెరికన్ మోటార్స్ నుండి మరల కొన్నారు. అమ్మిన ఎద్దునే సంతలో తిరిగి కొని అరక కట్టినట్లయినది! ఆ ఎద్దుకే తరువాత పరుగు నేర్పారు. 1976లో ఇండియానాపొలిస్ 500 పందెంలో ముందు నడిచే కారుగా టర్బోచార్జరు అమర్చిన బ్యూక్‌ను వాడారు. 1978 నుండి రీగల్, లెసేబర్ కార్లలో టర్బో వి-6 ఇంజను ప్రజలకు లభించినది.

గ్రాండ్ నేషనల్ అనే పేరు పందెపు మైదానం నుండి వచ్చినది. 1981, 1982 సంవత్సరాలలో నాస్కార్ పందెములలో తయారీదారుల విజేత స్థానం బ్యూక్‌కు దక్కినది. దాని జ్ఞాపకార్థం 1982లో 215 కార్లు తయారైనవి. అవి నల్లనివి కావు, బూడిద వన్నెవి. నేడు అందరూ గుర్తుపట్టే నలుపు 1984లో వచ్చినది. ఆ ఏట 3.8 లీటర్ల టర్బో ఇంజను బలం 200 అశ్వసామర్థ్యం. 1986లో అది 235కు, 1987లో 245కు పెరిగినది. అదే 1987లో ఎనిమిది సిలిండర్లు గల షెవర్లే కార్వెట్ స్పోర్ట్సు కారు ఇంజనుకు చెప్పిన బలం 240 మాత్రమే. కుటుంబ సమేతంగా ప్రయాణించదగిన కారు పందెపు రూపం గల కారును మించుట ఆ దేశపు యువకులకు ఎంత వింతగా తోచినదో ఊహించవచ్చును.

సిలిండర్ల పరిమాణం మారకుండా ఈ బలం ఎక్కడి నుండి వచ్చినది? ఇంజను నుండి బయటకు పోయే వేడి వాయువులో ఎంతో శక్తి వృథా అవుతుంది. ఆ వాయువును ఒక చిన్న టర్బైను చక్రం మీదుగా పంపితే అది తిరుగుతుంది. అదే ఇరుసు రెండవ కొనకు బిగించిన మరొక చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, సిలిండర్లలోనికి నెడుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగిన ఇంధనం కూడా దహనమవుతుంది. మన రోడ్ల మీది డీజిలు లారీలలో నేడు ఉన్నది కూడా ఈ సూత్రమే. ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే సన్నని ఈల దానిదే.

అయితే ఒత్తిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టిన తరువాత దాని అడుగు భాగం తాకి చూచిన వారికి ఈ సంగతి తెలియును. వేడెక్కిన గాలి సాంద్రత తక్కువ. పైగా సిలిండరులో పెట్రోలు మిశ్రమం సరైన క్షణానికి ముందే తనంతట తాను పేలుతుంది. దీనినే నాక్ అంటారు. పిస్టన్లను, గాస్కెట్లను చీల్చివేసే శత్రువు ఇదియే. 1986లో బ్యూక్ ఇంజనీర్లు టర్బోకు, సిలిండర్లకు మధ్య ఇంటర్‌కూలరు అనే శీతల పరికరాన్ని అమర్చారు. అంతకు ముందరి సంవత్సరాలకంటె హెచ్చిన 35 అశ్వసామర్థ్యంలో సింహభాగం ఈ చల్లదనపు ఫలితమే. కొనుగోలుదారులు 1986, 1987 కార్లకు ఎక్కువ వెల చెల్లించుటకు కారణం ఇందులోనే ఉన్నది.

ఇక 1987లో జి.ఎన్.ఎక్స్. అనే ప్రత్యేక రూపం 547 కార్లకే పరిమితమై వెలువడినది. 276 అశ్వసామర్థ్యం, వెడల్పయిన చక్రపు అంచులు, ముందు రెక్కల మీద గాలి రంధ్రాలు, డ్యాష్‌బోర్డు మీద వరుససంఖ్య గల ఫలకం దాని గుర్తులు. వెల సుమారు 29 వేల డాలర్లు. కొన్నవారిలో కొందరు దానిని నడపలేదు. బంగారంవలె దాచారు. అదే సంవత్సరం డిసెంబరు 11న మిషిగన్ రాష్ట్రపు పాంటియాక్ కర్మాగారంలో చివరి గ్రాండ్ నేషనల్ తయారైనది. తరువాతి రీగల్ ముందు చక్రాలతో నడిచే వేరొక కారు. 2024లో కెండ్రిక్ లమార్ అనే ర్యాప్ గాయకుడు తన పాటల సంకలనానికి జి.ఎన్.ఎక్స్. అని పేరు పెట్టుటతో ఈ కారు నాటికి పుట్టని యువకులు కూడా దీనిని గురించి విచారించసాగారు.

ఇట్లా గిరాకీ హెచ్చిన చోట మోసానికి చోటుంటుంది. కనుక పరీక్ష కాగితంతో ప్రారంభం కావలెను. కారు గుర్తింపు సంఖ్యలో 17 అక్షరాలుంటాయి. 1986, 1987 టర్బో రీగల్ కార్లలో ఎనిమిదవ స్థానంలో 7 ఉండవలెను. పదవ స్థానంలో 'హెచ్' ఉంటే అది 1987 నమూనా. కాని ఇంతటితో సరిపోదు. అదే టర్బో ఇంజనుతో సాధారణ రీగల్ కార్లు కూడా తయారైనవి. వాటికి నల్లరంగు పూసి గ్రాండ్ నేషనల్ అని చెప్పుట సులభం. గుర్తింపు సంఖ్య ఆ తేడాను చెప్పదు. వెనుక డిక్కీ మూత లోపలి భాగంలో అంటించిన కర్మాగారపు కాగితం మీద 'డబ్ల్యు.ఇ.2' అనే సంకేతం ఉన్నదా అని చూడవలెను. ఇంజను మీద, గేర్ పెట్టె మీద చెక్కిన అంకెలు కారు సంఖ్య చివరి భాగంతో సరిపోవలెను.

మైళ్ల సంగతి మరింత సున్నితమైనది. మీటరు వెనక్కు తిప్పుట అమెరికాలో 1972 చట్టం ప్రకారం నేరమే. కాని 2010 వరకు వచ్చిన నమూనాల కార్లకు పది సంవత్సరాలు నిండిన తరువాత, అమ్మకం కాగితంలో మైళ్లను ధ్రువీకరించవలసిన నిర్బంధం లేదు. అనగా ఈ కార్ల విషయంలో "పన్నెండు వేల మైళ్లు" అన్నది అమ్మేవాని మాట మాత్రమే. దానిని పాత మరమ్మతు బిల్లులతో, బ్రేకు పెడలు రబ్బరు అరుగుదలతో, డ్రైవరు సీటు అంచుతో పోల్చవలెను. టైరు ప్రక్కన అచ్చయిన సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపును. 2311 అంటే 2011 సంవత్సరపు 23వ వారం. 2000కు పూర్వం మూడే అంకెలు ఉండేవి. నల్లగా నిగనిగలాడే టైరు ముప్పై ఏండ్ల ముసలిది కావచ్చును.

తక్కువ నడిచిన కారే మేలైనదని చాలామంది అనుకుంటారు. మా అభిప్రాయం వేరు. యంత్రాన్ని కాపాడేది నూనె ప్రసరణ. కదలని కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. ట్యాంకులోని పెట్రోలు జిగురుగా మారి ఇంజెక్టర్లను మూసివేస్తుంది. బంపరుకు, శరీరానికి నడుమనున్న ప్లాస్టిక్ పూరకాలు పొడి అవుతాయి. తగుపాటి నడిపి, నూనె మార్పిడిని లెక్క వ్రాసిన నలభై వేల మైళ్ల కారుకు, ముప్పై సంవత్సరాలు గుడ్డ కప్పుకొన్న నాలుగు వందల మైళ్ల కారుకంటె ఎక్కువ గౌరవం ఇవ్వదగును. రెండవది ప్రదర్శనశాలకు తగినది. మొదటిది రోడ్డుకు తగినది.

టర్బో కారుకు ప్రత్యేక పరీక్షలు కలవు. ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగేది సన్నని నూనె పొర మీదనే. చల్లని ఇంజను మీద గాలి గొట్టం విప్పి ఇరుసును వేలితో కదిపితే, చక్రం గోడను తాకేంత ఆట ఉండరాదు. పొగగొట్టం నుండి నీలిపొగ వస్తే సీళ్లు పోయినట్లు అనుమానించవలెను. మునుపటి యజమాని కంప్యూటరు చిప్ మార్చి టర్బో పీడనం పెంచెనా అని అడుగవలెను. అట్టి కార్లలో హెడ్ గాస్కెట్లు కాలిపోవుట సాధారణం. రేడియేటరు నీటిలో నూనె తెట్టె ఉన్నదా, సిలిండర్ల సంపీడనం సమంగా ఉన్నదా అన్నవి అప్పుడు తప్పనిసరి పరీక్షలు.

బ్రేకుల విషయంలో ఒక వివాదం ఉన్నది. పవర్‌మాస్టర్ అనే విద్యుత్ పంపు ద్వారా బ్రేకుకు సాయం అందించే ఏర్పాటు ఈ కార్లలో ఉన్నది. అది వయసుతో చెడిపోవుట సర్వసాధారణం. చెడిన క్షణాన పెడలు రాయిలా గట్టిపడుతుంది. చాలామంది యజమానులు దానిని తీసి వేరే ఏర్పాటు పెట్టించారు. అసలుదనం పోయినదని కొందరు వెల తగ్గిస్తారు. మేము తగ్గించము. పాత భాగాన్ని పెట్టెలో భద్రపరచి కారుతోబాటు ఇచ్చే అమ్మకందారుకు ఉభయ ప్రయోజనాలు తెలిసినట్లే.

చివరిగా కారును నడిపి చూడవలెను. వేడెక్కిన టర్బోలో ఇంజనును వెంటనే ఆపితే నూనె ప్రసరణ నిలిచి, ఇరుసు దగ్గర మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది. కనుక తిరిగి వచ్చిన తరువాత తాళంచెవి కొనుగోలుదారు చేతిలో ఉండరాదు, అమ్మకందారుకే ఇవ్వవలెను. అతడు మాట్లాడుతూ చటుక్కున ఇంజను ఆపివేస్తాడా, లేక రెండు నిమిషాలు దానిని నెమ్మదిగా తిరగనిచ్చి అప్పుడు ఆపుతాడా అన్నది ప్రక్కన నిలిచి గమనించవలెను.