విండోస్ 10 ఆగిపోయిన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: డేటా పోకుండా ఇన్‌స్టాల్ చేయడం ఎలా?

గూడూరులో మా చిన్నాయనది నిమ్మకాయల వ్యాపారం. ఆయన లెక్కలన్నీ 2016లో కొన్న ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చేసరికి "కొత్తది కొనాల్సిందేనా రా?" అని అడిగాడు. అక్కర్లేదు, లినక్స్ వేద్దాం అన్నాను. "మరి నా లెక్కలు?" అన్నాడు. అసలు ప్రశ్న అదే. అందుకే ఈ ఆర్టికల్‌లో ఇన్‌స్టాల్ కంటే ముందు డేటా గురించి మాట్లాడుకుందాం.

ఎందుకు మార్చాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్స్ ఆగిపోయాయి. ఎన్‌రోల్ అయినవాళ్లకి ఇంకో ఏడాది ఇచ్చారు, అంతే. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే సపోర్ట్. లినక్స్ మింట్ 22కి మాత్రం 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం ఉంటే చాలు (4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది), అప్‌డేట్స్ 2029 వరకు వస్తాయి. పాత మెషీన్ అయితే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి.

మీ పనికి సరిపోతుందా?

బ్రౌజర్, వీడియోలు, కోడింగ్, లిబ్రేఆఫీస్‌లో ఎక్సెల్ ఫైళ్లు: ఏ ఇబ్బందీ లేదు. కానీ ట్యాలీ నేరుగా నడవదు. అను స్క్రిప్ట్‌తో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్లకీ కష్టమే. అలాంటి పని ఉంటే విండోస్ తీసేయకుండా పక్కనే లినక్స్ వేసుకోండి, అంటే డ్యూయల్ బూట్. అప్‌డేట్స్ లేని విండోస్‌ని మాత్రం నెట్ లేకుండా ఆ ఒక్క పనికే వాడండి.

స్టెప్ 1: డీ డ్రైవ్ బ్యాకప్ కాదు

విండోస్ ఫార్మాట్ చేయించేటప్పుడు "ఫైళ్లు డీ డ్రైవ్‌లో వేసుకోండి, అవి పోవు" అని మనందరికీ అలవాటు. అక్కడ అది నిజమే, ఎందుకంటే తుడిచేది సీ డ్రైవ్ ఒక్కటే. కానీ సీ, డీ రెండూ చాలా ల్యాప్‌టాప్‌లలో ఒకే డిస్క్‌లో ఉండే రెండు భాగాలు. లినక్స్ ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' అంటే రెండూ పోతాయి. బీటెక్ సెకండ్ ఇయర్‌లో నేను చేసిన తప్పు ఇదే. డీ డ్రైవ్‌లో ఉన్న అక్క పెళ్లి ఫొటోలు మళ్లీ దొరకలేదు.

కాబట్టి ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేయండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మర్చిపోవద్దు. తర్వాత దాన్ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

స్టెప్ 2: విండోస్‌లో సర్దుబాట్లు

బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ పేపర్ మీద రాసుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. లేదంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు, దాని డ్రైవ్‌లు లినక్స్‌లో సరిగ్గా తెరుచుకోవు. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ష్రింక్ వాల్యూమ్' నొక్కి 51200 ఎంబీ, అంటే 50 జీబీ, ఖాళీ చేయండి.

స్టెప్ 3: పెన్‌డ్రైవ్

ఐఎస్ఓ ఫైల్ సుమారు 3 జీబీ. రోజుకి 2 జీబీ ఫోన్ డేటాతో దించుతుంటే మధ్యలో ఆగిపోవచ్చు. అందుకే టొరెంట్ వాడండి, మర్నాడు ఆగినచోట నుంచే మొదలవుతుంది. డౌన్‌లోడ్ అయ్యాక మింట్ సైట్‌లో ఇచ్చిన చెక్‌సమ్‌తో పోల్చి చూడండి. 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్‌తో రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్ పొరపాటున కూడా పెట్టొద్దు.

స్టెప్ 4: ఇన్‌స్టాల్ చేయకుండానే టెస్ట్

పెన్‌డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ చేసి బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవో, ఏసర్‌లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. యూఈఎఫ్ఐ అని ఉన్న పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకోండి. మింట్ లైవ్ మోడ్‌లో వస్తుంది. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, ప్రింటర్ అన్నీ చూసుకోండి. ఇక్కడిదాకా హార్డ్‌డిస్క్‌లో లినక్స్ ఏమీ రాయలేదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మీ విండోస్ మీకు వచ్చేస్తుంది.

స్టెప్ 5: ఇన్‌స్టాల్

చార్జర్ పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే తలనొప్పి. ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కాక, ఎక్కడ వేయాలని అడిగే పేజీలో 'సమ్‌థింగ్ ఎల్స్' ఎంచుకోండి. మీరు ఖాళీ చేసిన 50 జీబీ 'ఫ్రీ స్పేస్' అని కనిపిస్తుంది. దాన్ని సెలెక్ట్ చేసి ప్లస్ గుర్తు నొక్కి, టైప్ ఎక్స్‌ట్4, మౌంట్ పాయింట్ ఒక్క స్లాష్ ఇవ్వండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉన్నవి విండోస్‌వి, వాటిని ముట్టుకోవద్దు. చివర్లో ఏ మార్పులు చేయబోతోందో ఒక లిస్ట్ చూపిస్తుంది. ఇదే వెనక్కి తగ్గడానికి ఆఖరి అవకాశం. అది చదివి, ఫార్మాట్ అయ్యేది మీ 50 జీబీ ఒక్కటే అని తేలాకే 'కంటిన్యూ' నొక్కండి.

స్టెప్ 6: తెలుగు

కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని లేఅవుట్లలో తెలుగు కలుపుకోవచ్చు. ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసే అలవాటుంటే, 'ఇన్‌పుట్ మెథడ్' నుంచి ఐబస్‌తోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. అందులో ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్ పద్ధతులు ఉంటాయి.

ఇంకో మాట. కొంచెం ఖర్చు పెట్టగలిగితే కొత్త ఎస్‌ఎస్‌డీ కొని లినక్స్ దాంట్లో వేయండి. పాత మెషీన్ స్పీడ్‌లో తేడా వెంటనే తెలుస్తుంది. పాత హార్డ్‌డిస్క్ తీసి బీరువాలో పెడితే డేటా ఎక్కడిదక్కడే భద్రం. చిన్నాయనకి నేను చేసింది ఇదే. లెక్కలు ఇప్పుడు లిబ్రేఆఫీస్‌లో తెరుస్తున్నాడు, కొత్త ల్యాప్‌టాప్ మాట మళ్లీ ఎత్తలేదు. మీ ఇంట్లో మూలన పడున్న ల్యాప్‌టాప్ ఉంటే ఈ ఆదివారం బ్యాకప్‌తో మొదలుపెట్టండి. ఇన్‌స్టాల్ వచ్చే ఆదివారం చేసినా నష్టం లేదు.