ఇంటి బయట సీసీ కెమెరా – ఎంపిక, అమరిక, హద్దు



మన హాస్టల్లో చదువుకున్న వారిలో ఎందరో నేడు హైదరాబాదులో, విశాఖలో, కువైట్‌లో, దుబాయ్‌లో పనిచేసుకుంటున్నారు. ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళలో వారు కట్టించిన డాబాల్లో వయసు మళ్ళిన అమ్మానాన్నలే ఉంటున్నారు. కొన్ని ఇళ్ళకు సంవత్సరంలో పది నెలలు తాళాలే. అందుకే సెలవులకు వచ్చిన ప్రతివారూ "వీధివైపు ఒక కెమెరా పెట్టిద్దాం, ఏది కొనమంటారు?" అని అడుగుతున్నారు. దుకాణంలో అడిగితే ధర చెబుతారు గాని, విషయం చెప్పేవారు తక్కువ. ఆ విషయాన్ని పాఠంలాగా ఇక్కడ వివరిస్తున్నాం.

ఇది ఎవరి ఆలోచన?

ఇంటికి కెమెరా కాపలా అనే ఆలోచనకు పేటెంటు పొందినది ఒక నల్లజాతి నర్సు. పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఉండేది. వేళకాని వేళ డ్యూటీలు, పిలిస్తే వెంటనే రాని పోలీసులు. తలుపు తట్టింది ఎవరో తెరవకుండానే తెలుసుకోవాలనుకుంది. ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి తలుపు రంధ్రాల వెనుక కదిలే కెమెరా, పడకగదిలో టీవీ తెర, బయటివారితో మాట్లాడే మైకు, ప్రమాద సూచిక బటను అమర్చే పద్ధతిని రూపొందించింది. 1966లో దరఖాస్తు చేస్తే 1969 డిసెంబరు 2న పేటెంటు వచ్చింది. ఆమె చూడాలనుకున్నది తన గుమ్మాన్ని మాత్రమే. ఈ పాఠంలో మొదటి సూత్రం అదే.

ముందు ప్రశ్న, తరువాత కెమెరా

కొనేముందు ఒక కాగితం మీద ఇంటి నక్షా గీయండి. గేటు, పెరటి దారి, మోటారు, బండి నిలిపే చోటు గుర్తించండి. ప్రతిచోటా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఎవరో వచ్చారని తెలిస్తే చాలా, లేక వచ్చినవారి ముఖం పోల్చుకోవాలా? ఈ రెండింటికీ కావలసిన కెమెరాలు వేరు.

కొత్త మనిషిని ముఖం చూసి పోల్చుకోవాలంటే, అతను నిలబడిన చోట చిత్రంలో మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెళ్ళు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. మనకు ముందే తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి 125 చాలు. రెండు మెగాపిక్సెల్ కెమెరా చిత్రం అడ్డంగా 1920 పిక్సెళ్ళు. 1920ని 250తో భాగిస్తే 7.7 మీటర్లు. అంటే ముఖం తెలియాలంటే కెమెరా చూసే వెడల్పు అంతకు మించకూడదు. 90 డిగ్రీల కోణంలో చూసే కెమెరాకు దూరానికి రెట్టింపు వెడల్పు కనబడుతుంది. కనుక ముఖం స్పష్టంగా తెలిసేది సుమారు 3.8 మీటర్ల వరకే! అదే కెమెరాకు 50 డిగ్రీల సన్నని కోణం ఉంటే 8 మీటర్ల వరకు తెలుస్తుంది. అంతా కనబడాలని వెడల్పు కెమెరా కొంటే వీధి మొత్తం కనబడుతుంది గాని, దొంగ ముఖం కనబడదు. గేటుకు సన్నని కోణం, పెరటికి వెడల్పు కోణం ఎంచుకోండి.

మన గోదావరి వాతావరణానికి తగినది

పెట్టె మీద ఐపీ 66 లేదా ఐపీ 67 అని చూడండి. మొదటి 6 దుమ్ము లోపలికి పోదని అర్థం. రెండవ అంకె నీటి సంగతి: 6 అయితే గట్టిగా కొట్టే నీటిధారకు తట్టుకుంటుంది, 7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా ఆగుతుంది. కాని ఈ అంకెలు ఉప్పుగాలి గురించి ఏమీ చెప్పవు. ఓడలరేవు, అంతర్వేది వైపు ఇళ్ళవారు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడాలి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం సమీపంలో తీరం దాటిన సంగతి మనకు తెలుసు. అలాంటి రాత్రి కరెంటు పోతే కెమెరా కూడా పోతుంది. కెమెరాకు, ఇంటర్నెట్ రౌటరుకు కలిపి చిన్న యూపీఎస్ పెట్టండి. పిడుగుల కాలానికి సరైన ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి. ఇంటర్నెట్ లేని ఇళ్ళకు 4జీ సిమ్ముతో, సోలార్ పలకతో నడిచే కెమెరాలు ఉన్నాయి. సిగ్నల్ ఎలా ఉందో ముందుగా ఆ గోడ దగ్గరే ఫోను పెట్టి చూసుకోవాలి.

అమరిక

నేల నుండి ఎనిమిది, పది అడుగుల ఎత్తు మంచిది. మరీ ఎత్తయితే తలపాగాలే కనబడతాయి, మరీ కిందయితే ఎవరైనా తిప్పేస్తారు. ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ నేరుగా కళ్ళలో పడకుండా సన్‌షేడ్ కింద బిగించండి. వైరు గోడలోకి పోయే ముందు కిందికి యు ఆకారంలో వంచితే వాన నీరు అక్కడే జారిపోతుంది. రంధ్రాన్ని సిలికాన్‌తో మూయండి. అడాప్టరు ఇంటి లోపలే ఉండాలి.

కొబ్బరాకు ఊగినప్పుడల్లా ఫోను మోగితే, నాలుగు రోజుల్లో ఎవరూ ఫోను చూడరు. కెమెరా సెట్టింగులలో గేటు భాగాన్ని మాత్రమే గుర్తించి, మిగతాచోట కదలిక సూచన ఆపివేయండి. రాత్రివేళ దాని కాంతికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. పదిహేను రోజులకొకసారి మెత్తని గుడ్డతో తుడవాలి.

బిగించిన రాత్రే పరీక్ష పెట్టండి. తలకు తువ్వాలు చుట్టుకుని గేటులోంచి నడిచి రమ్మని తమ్ముడికి చెప్పండి. ఆ రికార్డు చూసి ముఖం తెలియకపోతే, మేస్త్రి వెళ్ళకముందే కోణం మార్పించండి.

ఎన్నిరోజుల రికార్డు?

ఇది లెక్కల పాఠం. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజుకు 86,400 సెకన్లు. 8తో భాగిస్తే 21,600 మెగాబైట్లు, అంటే 21.6 జీబీ. 128 జీబీ కార్డు ఆరు రోజులకే నిండి, పాతదాన్ని చెరిపేస్తుంది. నెలరోజులకు 648 జీబీ కావాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమంటే చాలా తగ్గుతుంది. వందమంది గుమికూడే సంస్థలు నెలరోజుల రికార్డు ఉంచాలని మన రాష్ట్రంలో 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. అది ఇళ్ళకు వర్తించదు గాని, మనకు కొలమానంగా పనికివస్తుంది.

కెమెరా గడియారం సరిగా ఉండాలి. ఏదైనా జరిగితే రికార్డు చెరిగిపోకముందే వేరేచోట దాచి 112కు తెలపాలి. కోర్టులో అది సాక్ష్యం కావాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 2023, 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

పాస్‌వర్డు

2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా లక్షలాది కెమెరాలలో, రౌటర్లలో చొరబడింది. ఎలా? కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును యజమానులు మార్చకపోవడం వల్ల. ఆ యంత్రాలతోనే అక్టోబరు 21న దాడి చేసి, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివాటిని గంటలకొద్దీ అందకుండా చేశారు. బిగించినవారి ఎదుటే పాస్‌వర్డు మార్చండి. అది ఇంటివారికే తెలియాలి. మన దేశంలో 2025 ఏప్రిల్ నుండి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నదే కొనండి.

హద్దు

మిత్రులారా, ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే. మన పేటల్లో ఇళ్ళు ఆనుకుని ఉంటాయి. కుళాయి దగ్గర, చప్టా మీద, కాలువ రేవులో ఆడవాళ్ళు పనులు చేసుకుంటారు. మన గోడ మీద కెమెరా పక్కింటి స్నానాల దొడ్డిని చూస్తుంటే అది కాపలా కాదు, అవమానం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. స్త్రీల ఏకాంతాన్ని చాటుగా చూసినా, చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద మొదటి తప్పుకే ఏడాది నుండి మూడేళ్ళ జైలు. ఉమ్మడి ఇంట్లో నివసించే భాగంలో తోటివారి అంగీకారం లేకుండా కెమెరాలు పెట్టడం తప్పని 2025లో కలకత్తా హైకోర్టు చెబితే, సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

కనుక బిగించాక ఎదురింటి అత్తను, పక్కింటి బాబాయిని పిలిచి ఫోనులో ఏం కనబడుతోందో చూపించండి. వారి వాకిలి కనబడితే కోణం మార్చండి. తప్పనిచోట ఆ భాగాన్ని నల్లగా కప్పే 'ప్రైవసీ మాస్క్' సదుపాయం వాడండి. "ఇక్కడ కెమెరా ఉంది" అని బోర్డు పెట్టండి.

కెమెరా చేయలేని పని

2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం అర్ధరాత్రి కాలిపోయింది. ఆ రాత్రి అక్కడి కెమెరాలు పనిచేయలేదన్న సంగతి అప్పట్లో పత్రికల్లో వచ్చింది. పనిచేయని కెమెరా కన్నా లేని కెమెరా నయం, ఎందుకంటే లేనిదాన్ని ఎవరూ నమ్ముకోరు. నెలకొకసారి పాత రికార్డు తెరిచి చూసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. పనిచేస్తున్న కెమెరా కూడా సాక్షి మాత్రమే. గొళ్ళెం, గేటు లైటు, ఇరుగుపొరుగు చేసే పని అది చేయలేదు.

కొద్దిరోజులు ఊరెళ్ళేవారు కొనకుండానే సాయం పొందవచ్చు. తాళం వేసిన ఇంట్లో, యజమాని కోరితే, కదలికను పసిగట్టే కెమెరాను పోలీసులే ఉచితంగా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. కార్తీకమాసంలో పంచారామాల యాత్రకు బయలుదేరేవారు ముందుగా మీ స్టేషనులో విచారించండి.

పెద్ద తరగతుల విద్యార్థులకు ఒక మనవి. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మీ వీధిలో ఎవరింటనైనా కెమెరా ఉంటే మూడు విషయాలు చూసిపెట్టండి: పాస్‌వర్డు మార్చారా, గడియారం సరిగా ఉందా, పక్కవారి వాకిలి కనబడుతోందా? అరగంట పని. మనం చదివిన చదువు మన పేటకు ఉపయోగపడే మార్గాలలో ఇదొకటని భావిస్తూ సెలవు తీసుకుంటున్నాం.