ముందు మునిగేది వెనక్కి వచ్చే దారి

ప్రశ్న: విశాఖ దగ్గర మంగమారిపేట రాళ్ల మీద నడవాలని ఉంది. మన తీరంలో పోటు మహా అయితే ఒకటిన్నర మీటరు కదా, భయపడాలా?

జవాబు: ఎత్తు ఒక్కటే చూస్తే మీ మాట నిజమే. బ్రిటన్‌లోని బ్రిస్టల్ చానల్‌లో పోటుకూ ఆటుకూ తేడా 12 మీటర్లు దాటుతుంది. కానీ రాతి తీరంలో మనిషి చిక్కుకునేది దారి పోయినప్పుడు. రాళ్ల మధ్య పల్లపు సందులు ముందు నిండుతాయి. మీరు నిలబడ్డ బండ పొడిగానే ఉంటుంది, వెనక్కి వచ్చే దారి మునిగిపోతుంది. పైగా నీరు ఒకే వేగంతో పెరగదు. ఆటు నుంచి పోటుకు పట్టే సుమారు 6 గంటల్లో, మూడో గంటా నాలుగో గంటా కలిసి దాదాపు సగం నీరు ఎక్కిస్తాయి. ఆపైన లేచే అల అంతవరకూ తడవని బండను కూడా ఊడ్చేస్తుంది.

జాలర్లు తిరుగుతున్నారు కదా అనవచ్చు. వాళ్లకు తిథి, ఆటు వేళ తెలుసు. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో ఆటు బాగా దిగి దూరపు రాళ్లు ఊరిస్తాయి. పోటూ అంతే ఎత్తుకు వస్తుంది. ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క నేడు పనికిరాదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూసుకోండి. నీరు దిగుతుండగానే బయల్దేరండి, పూర్తి ఆటు వేళకల్లా వెనుదిరగండి.