మోడెమ్‌లో ఫ్లో కంట్రోల్ – ఒక చిన్న పాఠం



1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు అది టెలిఫోన్ తీగ మీద, మోడెమ్ ద్వారా వచ్చింది. ఇప్పుడు డయల్-అప్ దాదాపు కనుమరుగైంది. కానీ అందులోని ఫ్లో కంట్రోల్ అనే సంగతి ఎలక్ట్రానిక్స్ ల్యాబులో, ఇంటర్వ్యూలో మీకు ఇంకా ఎదురవుతుంది. దాన్ని మన మాటల్లో చెప్పుకుందాం.

ఎందుకు అవసరం?

కంప్యూటర్ నుంచి మోడెమ్‌కు సీరియల్ పోర్టు వేగం సాధారణంగా సెకనుకు 1,15,200 బిట్లు పెడతారు. స్టార్ట్, స్టాప్ బిట్లు కలిపి బైటుకు 10 బిట్లు. అంటే సెకనుకు 11,520 బైట్లు. కానీ వి.90 రకం 56కె మోడెమ్ మన వైపు నుంచి పంపేది 33,600 బిట్లు దాటదు. అంటే సుమారు 4,200 బైట్లే. మోడెమ్ డేటాను కుదించి పంపుతుంది కాబట్టి పోర్టు వేగం ఎక్కువ పెడతారు. జిప్ ఫైలు, ఫొటో లాంటివి ముందే కుదించినవి, ఇక కుదించుకోవు. అప్పుడు మోడెమ్‌లోని బఫర్ నిండిపోతుంది, మిగిలిన బైట్లు పోతాయి. వి.42 ఎర్రర్ కరెక్షన్ రెండు మోడెముల మధ్యనే పనిచేస్తుంది. కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య పోయిన బైటు దానికి తెలియదు.

రెండు పద్ధతులు

మెస్‌లో వడ్డన చూడండి. ప్లేటు మీద చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాడు ఆగుతాడు. ఇది హార్డ్‌వేర్ పద్ధతి. 9 పిన్నుల పోర్టులో 7వ పిన్ను ఆర్‌టీఎస్, 8వది సీటీఎస్. బఫర్ నిండుతుంటే మోడెమ్ సీటీఎస్‌ను దించుతుంది, కంప్యూటర్ ఆగుతుంది. కంప్యూటర్ తీసుకోలేనప్పుడు ఆర్‌టీఎస్‌ను దించుతుంది, మోడెమ్ ఆగుతుంది.

నోటితో "చాలు" అనడం సాఫ్ట్‌వేర్ పద్ధతి. ఎక్స్‌ఆఫ్ (విలువ 19) అంటే ఆగు, ఎక్స్‌ఆన్ (విలువ 17) అంటే పంపు. ఇవి డేటా వెళ్ళే తీగలోనే వెళ్తాయి. చిక్కు అక్కడే ఉంది. ఫొటో ఫైలులో 19 విలువ గల బైటు మామూలుగానే ఉండవచ్చు. పక్కవాడితో "ఈ ఆట ఇక చాలు" అంటే వడ్డించేవాడు గరిటె ఆపేసినట్టు! అందుకే మోడెమ్‌కు హార్డ్‌వేర్ పద్ధతే మేలు.

సెట్ చేసే విధానం

1. కేబుల్‌లో 7, 8 పిన్నుల తీగలు ఉన్నాయో లేదో చూడండి. 2, 3, 5 తీగలు మాత్రమే ఉంటే ఈ పద్ధతి పనిచేయదు.

2. విండోస్ ఎక్స్‌పీలో మోడెమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ఛేంజ్ డిఫాల్ట్ ప్రిఫరెన్సెస్ తెరిచి, ఫ్లో కంట్రోల్ దగ్గర హార్డ్‌వేర్ ఎంచుకోండి.

3. మోడెమ్‌కూ చెప్పాలి. రాక్‌వెల్ చిప్ ఉన్నవాటికి ఏటీ&కె3, యూఎస్ రోబోటిక్స్‌కు ఏటీ&హెచ్1&ఆర్2. తర్వాత ఏటీ&డబ్ల్యూ ఇస్తే సెట్టింగు మోడెమ్‌లో నిలిచిపోతుంది.

రెండు వైపులా ఒకే పద్ధతి ఉండాలి. ఇవాళ్టి జీఎస్‌ఎం మాడ్యూళ్ళలో ఇదే పనికి ఏటీ+ఐఎఫ్‌సీ=2,2 వాడతారు.

చివరగా ఒక మాట. ఆగమని చెప్పడం మోడెమ్‌కు చేతకానితనం కాదు, చెప్పే తీగ లేకపోతేనే నష్టం. మనలో చాలామందిమి మన ఇళ్ళలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. ఇంగ్లీషులో పాఠం వేగంగా సాగిపోతుంటే అర్థమైనట్టు తల ఊపకండి. చెయ్యెత్తి "సార్, ఇంకోసారి చెప్పండి" అని అడగండి. అడగకపోతే పోయేది మన పాఠమే.