పిడుదు జ్వరము పట్టిన కుక్క ఒంటిలో ఏమి జరుగును?

కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతపు పల్లెలలో కుక్క వేడుకకు పెంచు జంతువు కాదు. గొల్ల కురుమల గొఱ్ఱెల మంద వెంట రాత్రింబగళ్లు తిరుగునది అదే. మక్క చేనిలో మంచె క్రింద పండుకొని అడవిపంది అలికిడికి మొరుగునది అదే. మంచి కుక్క పోయిన నష్టము మందపై తోడేలు పడిన రాత్రి తెలియును. అయినను ఎద్దుకు జ్వరము వచ్చిన వెంటనే పశువైద్యశాలకు తోలుకొనిపోవు రైతులే, కుక్క కూడు మానినచో “గరిక తిని అదే బాగుపడును” అని ఊరకుందురు. పిడుదు జ్వరము గరికతో పోవు జబ్బు కాదు.

ఈ జ్వరమును తెచ్చునవి ముఖ్యముగా బెబీసియా అను ఏకకణ పరాన్నజీవులు. ఇవి ఎర్ర రక్తకణములలో దూరి, పెరిగి, వాటిని పగులగొట్టుకొని బయటికి వచ్చును. మన దేశపు కుక్కలలో కనబడునవి రెండు రకములు: పెద్దది వోగెలి, చిన్నది గిబ్సోని. ఈ చిన్నదానిని లోకమున మొట్టమొదట గుర్తించినది మన దక్షిణాదినే. 1910లో ప్యాటన్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసు వేట కుక్కల రక్తములో దీనిని చూచి, పిమ్మట నక్క రక్తములో కూడ కనుగొనెను. అడవి అంచు పల్లెల వారు ఈ నక్క మాటను గుర్తుంచుకొనవలెను. తెల్ల కణములలో చేరు హెపటోజూన్ అను మరియొకటి కలదు. అది కాటు వలన కాక, కుక్క తన ఒంటిపై పిడుదును కొరికి మ్రింగుట వలన సోకును. ఎర్లిషియా అనునది పరాన్నజీవి కాదు, బాక్టీరియా. కాని తెచ్చునది పిడుదే గనుక ఒకే కుక్కలో రెండు మూడు కలిసి ఉండుట కద్దు.

ఇక అసలు సంగతి. కాలిలో ముల్లు దిగిన చోట ఎరుపు, వాపు, వేడి, నొప్పి కలుగుట అందరెరిగినదే. దీనినే శోథ అందురు. అది శరీరము శత్రువుతో చేయు పోరాటము. ఒకచోట జరిగినంత వరకు అది మేలే. కాని రక్తములోని పరాన్నజీవి ఒకచోట ఉండదు. రక్తము పారు ప్రతి చోట ఉండును. కావున పోరాటము కూడ ఒళ్లంతటా జరుగును. తెల్ల కణములు సైటోకైన్లు అను మాంసకృత్తులను వదలును. ఇవి హెచ్చరిక కబురు మోయును. ఆ కబురు మెదడుకు అందగా, 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు ఉండవలసిన ఒంటి వేడి 104, 105 దాటును. కాలేయము సి-రియాక్టివ్ ప్రోటీను అను పదార్థమును ఒకటి రెండు దినములలోనే మిక్కిలిగా తయారుచేయును. చెడిన కణములను వడగట్టు ప్లీహము ఉబ్బి, ఎడమ డొక్కలో చేతికి తగులును.

ఇంతటితో ఆగదు. శరీరము తయారుచేసిన ప్రతిరక్షకములు జబ్బు పట్టిన కణములకే కాక మంచి ఎర్ర కణములకు కూడ అంటుకొని వాటిని నాశనము చేయును. అందువలననే సూక్ష్మదర్శినిలో పరాన్నజీవులు అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే కనబడినను, కుక్క చిగుళ్లు కాగితమువలె తెల్లబడుట చూతుము. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు 2 లక్షలకు తగ్గకుండవలసినవి 50 వేలకు లోపు పడిపోవుట కూడ కలదు. అప్పుడు పొట్ట చర్మముపై ఎర్ర చుక్కలు పడును. ఎర్లిషియా తోడైనచో ముక్కు నుండి రక్తము కారవచ్చును. రక్తనాళముల లోపొర చెడి, మూత్రపిండములు దెబ్బతిని, మూత్రము కాఫీ రంగుకు తిరిగినదన్న కుక్క ప్రాణమునకు అపాయము వచ్చినట్లే.

ఇది తెలియక చేయు వైద్యమే చాల కుక్కలను చంపుచున్నది. మనుష్యుల నొప్పి బిళ్లలు, డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేయును. ప్లేట్‌లెట్లు తగ్గిన కుక్కలో ఆ పుండు నుండి పోవు రక్తము ఆగదు. (పశువులకు డైక్లోఫినాక్ వాడకమును ప్రభుత్వము 2006లోనే నిషేధించినది; అది రాబందుల చావును ఆపుటకు. 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై రాబందులు కనబడినవని ఆదిలాబాదు వారెరుగుదురు.) ఇక స్టెరాయిడు సూది. అది శోథను అణచును గనుక మరునాటికే జ్వరము దిగి కుక్క అన్నము తినును, యజమాని సంతోషించును. పరాన్నజీవి మాత్రము అడ్డులేక పెరుగును. కొన్ని వేళల డాక్టరు కూడ స్టెరాయిడు వాడును. కాని అది పరాన్నజీవి మందు మొదలుపెట్టి, రక్తము చూచి చేయు పని.

కావున మందుకు ముందే చెవి అంచు నుండి ఒక చుక్క రక్తము గాజు పలకపై పూత తీయించి పరీక్ష చేయించవలెను. పశువైద్యశాలలో వీలుకానిచో, కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. పరీక్ష ఎందుకన, మందు రకమునుబట్టి మారును. వోగెలికి ఇమిడోకార్బ్ పనిచేయును. గిబ్సోనికి అటొవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 దినములు ఇత్తురు. ఎర్లిషియాకు డాక్సిసైక్లిన్ 28 దినములు. పశువులకు తెచ్చి మిగిలిన డిమినజీన్ సూదిని అందాజుగా కుక్కకు పొడువరాదు; మోతాదు మించినచో మెదడు దెబ్బతిని తూలి పడును. గిబ్సోని పట్టిన కుక్క కోలుకొన్నను పరాన్నజీవి లోపల దాగియుండి, ఒళ్లు నీరసించినపుడు మరల లేచును. పిడుదు లేకున్నను, కుక్కలు కొట్లాడి కరచుకొనుట వలన కూడ ఇది వ్యాపించును.

కుక్క పిడుదు బ్రతుకులో మూడు పర్యాయములు రక్తము త్రాగి క్రిందికి రాలును. పెద్ద ఆడ పిడుదు గోడ పగుళ్లలో 4,000 వరకు గ్రుడ్లు పెట్టును. కావున కుక్క ఒంటిని మాత్రమే శుభ్రపరచి, అది పండుకొను కొట్టము గోడలను వదలివేసిన ఫలము లేదు. పగుళ్లు పూడ్చి, గోడలు అలుకవలెను. పిడుదును చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి నిటారుగా లాగి, సబ్బు నీటిలో వేయవలెను, వ్రేళ్లతో నలుపరాదు. బెబీసియా సోకుటకు పిడుదు సాధారణముగా రెండు మూడు దినములు పట్టుకొని ఉండవలెను గనుక, ప్రతి సాయంకాలము చెవులు, కాలి వ్రేళ్ల సందులు వెదకి తీసివేసిన చాల మేలు.

పంట మందుల సంగతి మా శాఖ పని గనుక గట్టిగా చెప్పుచున్నాను. పత్తికి కొట్టగా మిగిలిన మందును కుక్క ఒంటికి పూయుట కొన్ని ఊళ్లలో ఉన్నది. ఆర్గానోఫాస్ఫేటు జాతి మందు చర్మము గుండా ఇంకి, నోట చొంగ కారి, వణకి, శ్వాస ఆగి కుక్క చచ్చును. పూసిన మనిషికి కూడ విషమే. పిడుదులకు ప్రత్యేకించిన మందును పశువైద్యుని అడిగి, కుక్క బరువునుబట్టి వాడవలెను.