మోకాలి మార్పిడి ఆపరేషన్: మనసు, ఒళ్లు, ఇల్లు ముందే సిద్ధం చేసుకోవడం ఎలా?

రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం
జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు

ఇది ఎవరి కోసం: మోకాలి కీలు అరిగిందని, ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టర్ చెప్పినవారి కోసం. చేయించుకోవాలా, వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం. వాళ్లను చూసుకునే ఇంటివాళ్ల కోసం. కళ్లు సరిగా కనపడకపోతే ఇంట్లో పిల్లలతో చదివించుకుని వినండి.

ముందుగా ఒక్క మాట: ఆపరేషన్ గదిలో పని గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. దానికి ముందు నెల రోజుల తయారీ, తరువాత మూడు నెలల ఓపిక కావాలి. ఖర్చు పథకం చూసుకుంటుంది, కొత్త కీలు డాక్టర్ పెడతారు. ఆ కీలును నడిపించాల్సింది మాత్రం మీరే. అందుకే తారీఖు ఖాయం కాకముందే ఈ పనులు మొదలుపెట్టండి.

1. ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

"చిప్పలు మారుస్తరట" అని ఊళ్లో అంటుంటారు. నిజానికి మార్చేది చిప్ప కాదు. తొడ ఎముక కింది కొన, దాని కింద ఉండే కాలి ఎముక పై కొన ఏళ్ల తరబడి రాసుకుని అరిగిపోతాయి. ఆ అరిగిన పైభాగాన్ని కొద్ది మందం వరకే తీసి, లోహపు తొడుగులు అమర్చుతారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పెడతారు. అవసరమైతే చిప్ప వెనుక కూడా చిన్న ప్లాస్టిక్ బిళ్ల అమర్చుతారు. "కాలు కోసేసి వేరేది పెడతరు" అన్నది వట్టి మాట.

ఎక్కువ మందికి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కిందివరకే మత్తు చేస్తారు. కొత్త కీలు ఎన్నాళ్లు ఉంటుంది? 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, మొత్తం కీలు మార్చిన 100 మోకాళ్లలో సుమారు 82 మోకాళ్లు 25 ఏళ్ల తరువాత కూడా పనిచేస్తున్నాయి.

2. నాకు ఇప్పుడే అవసరమా?

ఎక్స్‌రేలో అరుగుదల కనపడినంత మాత్రాన ఆపరేషన్ అవసరం రాదు. ముందు తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గించుకోవడం, చేతికర్ర, మందులు వాడి చూడాలి. ఇవన్నీ చేసినా నొప్పితో రాత్రి నిద్ర పట్టకపోతే, వీధి చివరి దాకా నడవలేకపోతే, స్నానానికి కూడా మనిషి సాయం కావాల్సి వస్తే అప్పుడు ఆలోచించాలి.

ఇది గుండెపోటు లాంటి అత్యవసరం కాదు. నెల, రెండు నెలలు ఆలోచించుకుంటే ప్రాణానికి ముప్పు లేదు. కొడుకు చెప్పాడనో, పక్కింటామె చేయించుకుందనో ఒప్పుకోవద్దు. మోకాలు మీది, నిర్ణయం కూడా మీదే.

3. పథకం, కాగితాలు

• 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి ఒక కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది.
• మొదట దగ్గరి ప్రభుత్వ దవాఖానలో ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. మీ మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. అవసరమైతే అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎంకు గానీ, హైదరాబాద్‌లోని నిమ్స్, గాంధీ, ఉస్మానియాకు గానీ పంపుతారు.
• దవాఖానలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్లండి. ఆహార భద్రత కార్డు, ఆధార్, పాత ఎక్స్‌రేలు, పాత మందుల చీటీలు తీసుకెళ్లండి. మోకాలి మార్పిడి ఏ ఆసుపత్రిలో చేస్తున్నారో, వరుస ఎంత ఉందో ఆరోగ్యమిత్రనే అడగండి.
• కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. తేడా ఉంటే ముందే మీసేవలో సరిచేయించుకోండి.
• పరీక్షలయ్యాక ఆసుపత్రివాళ్లు మీ వివరాలు ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పంపుతారు. అనుమతి వచ్చాకే ఆపరేషన్ చేస్తారు.
• ఆపరేషన్, లోపల అమర్చే కీలు, మందులు, భోజనం పథకంలోనే వస్తాయి. డిశ్చార్జ్ అయ్యాక 10 రోజుల మందులు ఇవ్వాలి. 30 రోజుల లోపు ఆపరేషన్ వల్ల ఇబ్బంది వస్తే అదీ పథకం కిందే చూస్తారు.
• "ఇంకా మంచి కీలు పెడతం, పైసలు కట్టండి" అని ఎవరైనా అంటే కట్టవద్దు. 104కు ఫోన్ చేసి చెప్పండి.

4. మనసును సిద్ధం చేసుకోవడం

భయం వేయడం తప్పు కాదు. "మత్తులోనే పోతనేమో", "లేవకపోతే ఎట్ల?", "కోడలికి భారమైత" అన్న ఆలోచనలు దాదాపు అందరికీ వస్తాయి. వాటిని దాచుకుంటే పెరుగుతాయి, చెప్పుకుంటే తగ్గుతాయి. డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లండి. అక్కడికి పోయాక అన్నీ మర్చిపోతాం.

ఏం వస్తుందో, ఏం రాదో ముందే తెలుసుకోండి.

వచ్చేది: రాత్రిళ్లు గుచ్చే నొప్పి తగ్గుతుంది. బజారుకు, గుడికి, చుట్టాలింటికి నడిచి వెళ్లగలుగుతారు. వంకర కాలు చాలావరకు తిన్నగా అవుతుంది.

రానిది: కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం చాలామందికి కుదరదు. వంగి నాట్లు వేసే పని, బురదలో దిగే పని, తల మీద బరువులు మోసే పని మళ్లీ చేయకూడదు. మీ ఇల్లు మీ కూలితోనే నడుస్తుంటే ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. కూర్చుని చేసే పని, కిరాణం, కుట్టు, పిల్లల్ని చూసుకోవడం లాంటివి ఏమున్నాయో ఆలోచించండి.

ఇంకో నిజం: 10 మందిలో సుమారు ఇద్దరికి ఆపరేషన్ తరువాత కూడా కొంత నొప్పి మిగులుతుంది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ముందే తెలిసి చేయించుకున్నవాళ్లకు తరువాత కుంగుబాటు తక్కువ.

రెండో వారం, మూడో వారంలో చాలామందికి మనసు చెడుతుంది. నొప్పి ఉంటుంది, నిద్ర పట్టదు, బయటికి పోలేరు. "ఎందుకు చేయించుకున్ననో" అని ఏడుపు వస్తుంది. అది దాదాపు అందరూ దాటి వచ్చే దశ. పక్క మంచం ఆమె ముందే నడిచిందని పోల్చుకోవద్దు. నిన్న ఎన్ని అడుగులు వేశారు, ఇవాళ ఎన్ని వేశారు, అంతే చూసుకోండి. దిగులు తగ్గకపోతే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

5. ఒంటిని సిద్ధం చేసుకోవడం (నెల ముందు నుంచి)

• షుగర్: మూడు నెలల సగటు చూపే రక్తపరీక్ష చేయించుకోండి. అది ఎక్కువగా ఉంటే పుండు మానదు, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. సాధారణంగా 8 లోపు ఉండాలంటారు. బీపీ మాత్రలు మానవద్దు.
• మోకాలిలో సూది: ఊళ్లో నొప్పికి మోకాలి లోపల వేసే స్టెరాయిడ్ సూదిని ఆపరేషన్‌కు మూడు నెలల ముందు నుంచి వేయించుకోవద్దు. ఇప్పటికే వేయించుకుని ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి.
• పుచ్చిన పళ్లు, మూత్రంలో మంట, కాలి మీద పుండ్లు, గజ్జి, వేళ్ల మధ్య పాచిన చర్మం ఉంటే ముందే నయం చేయించుకోండి. అక్కడి క్రిములు కొత్త కీలులోకి చేరవచ్చు.
• బీడీ, చుట్ట, తంబాకు కనీసం నాలుగు వారాల ముందు మానండి. కల్లు, సారా అలవాటు ఉంటే డాక్టర్‌కు నిజం చెప్పండి. మత్తు డాక్టర్‌కు ఈ సంగతి తెలియడం చాలా అవసరం.
• రక్తం పలుచబడే మాత్రలు, నొప్పి మాత్రలు, నాటు మందులు ఏవి వాడుతున్నా కవర్లతో సహా తీసుకెళ్లి చూపించండి. ఏది ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు.
• రక్తం తక్కువుంటే ఇప్పుడే మందులు వాడండి. పప్పు, గుడ్లు, ఆకుకూరలు, పల్లీలు తినండి.

రోజూ రెండు పూటలా మూడు వ్యాయామాలు:
క) మంచం మీద కాలు చాపి, మోకాలి కింద మడిచిన టవల్ పెట్టి దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు ఉంచాలి. 10 సార్లు.
ఖ) ఒక కాలు మడిచి, రెండో కాలు తిన్నగా జానెడు పైకి లేపి 5 సెకన్లు ఆపాలి. ఒక్కో కాలికి 10 సార్లు.
గ) పాదాన్ని ముందుకు, వెనక్కు ఆడించాలి. 20 సార్లు.
ఆపరేషన్ తరువాత చేయాల్సినవీ ఇవే. నొప్పిలో కొత్తగా నేర్చుకోవడం కష్టం, అందుకే ఇప్పుడే అలవాటు చేసుకోండి.

6. ఇంటిని సిద్ధం చేసుకోవడం

• మంచం: నులక మంచం పనికిరాదు. అది గుంట పడుతుంది, లేవడానికి రాదు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తున్న గట్టి మంచం కావాలి.
• కుర్చీ: చేతులున్న గట్టి కుర్చీ ఒకటి. తినడం, కూర్చోవడం అన్నీ దాని మీదే.
• మరుగుదొడ్డి: మామూలు దొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ ఆపరేషన్‌కు ముందే తెచ్చిపెట్టుకోండి. మొదటి రోజు నుంచే అవసరం.
• స్నానాల గది: పాచి గీకించండి. కూర్చుని స్నానం చేయడానికి జారని స్టూలు పెట్టండి.
• దారి: మంచం నుంచి దొడ్డి వరకు వాకర్ పట్టేంత దారి ఖాళీగా ఉంచండి. చాపలు, వైర్లు, బస్తాలు తీసేయండి. గడప ఎత్తుగా ఉంటే పక్కన మనిషి ఉన్నప్పుడే దాటండి. రాత్రి బల్బు వెలుగుతూ ఉండాలి.
• మనిషి: మొదటి రెండు వారాలు ఇంట్లో ఒక మనిషి తప్పకుండా ఉండాలి. అందుకే కాలం చూసి తారీఖు పెట్టుకోండి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు, మానుకోట వైపు మిర్చి ఏరేటప్పుడు ఇంట్లో ఎవరూ మిగలరు. వానాకాలం వాకిట్లో బురద కూడా ప్రమాదమే.
• పింఛన్: వేలిముద్ర వేసి తీసుకునేవారైతే ఆ నెల ఎట్లా తీసుకోవాలో పోస్టాఫీసులో లేదా పంచాయతీ కార్యదర్శిని ముందే అడిగి పెట్టుకోండి.
• తిరుగు ప్రయాణం: భూపాలపల్లికి రైలు లేదు, రోడ్డే దారి. జనగామ, మహబూబాబాద్‌కు రైలున్నా కొత్త మోకాలితో మెట్లెక్కడం కష్టం. కాలు చాపుకుని కూర్చునే బండి మాట్లాడి పెట్టుకోండి.

7. ఆపరేషన్ తరువాత

• అదే రోజు లేదా మర్నాడు వాకర్‌తో నిలబెడతారు. "అప్పుడేనా?" అనిపిస్తుంది, కానీ అదే మంచిది.
• కుట్లు సుమారు రెండు వారాలకు తీస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలామంది వాకర్ వదిలి కర్రకు వస్తారు. వాపు మూడు నెలలైనా ఉండవచ్చు. పూర్తిగా కుదురుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.
• సుఖంగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవద్దు. కాలు మడతతోనే బిగుసుకుపోతుంది. ఎత్తు కావాలంటే మడమ కింద పెట్టండి.
• నొప్పి మాత్ర వేసుకుని అరగంట తరువాత వ్యాయామం చేయండి. నొప్పికి భయపడి మానేస్తే కీలు బిగుసుకుపోతుంది.
• పుండు మీద పసుపు, ఆకు పసరు, నూనె ఏదీ రాయవద్దు. మర్దన చేయించవద్దు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి: చలితో జ్వరం, పుండు నుంచి చీము, మోకాలి ఎరుపు పెరగడం, పిక్కలో వాపు, నొప్పి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

8. ఎక్కువగా అడిగే ప్రశ్నలు

"రెండు మోకాళ్లు ఒక్కసారే చేయించుకోవచ్చా?"
గుండె, షుగర్, వయసు చూసి డాక్టర్ చెబుతారు. చాలామందికి ఒకటి కుదురుకున్నాక రెండోది చేస్తారు. ఎక్కువ బాధపెట్టే కాలు ముందు.

"నాకు డెబ్బై ఏళ్లు. వయసైపోయింది కదా?"
వయసు ఒక్కటే అడ్డు కాదు. గుండె, ఊపిరితిత్తులు, షుగర్ బాగుంటే చేస్తారు.

"తారీఖు వచ్చాక భయమై వద్దనుకుంటే?"
చెప్పవచ్చు. ఆపరేషన్‌కు మీ అంగీకార సంతకం ఉండాల్సిందే. పత్రం చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం లేదా వేలిముద్ర వేయండి.

వెళ్లే ముందు సరిచూసుకోండి
☐ కార్డు, ఆధార్, ఎక్స్‌రేలు, మందుల కవర్లు
☐ డాక్టర్‌ను అడిగే ప్రశ్నల కాగితం
☐ కమోడ్ కుర్చీ, గట్టి మంచం, చేతుల కుర్చీ
☐ రెండు వారాలు ఇంట్లో ఉండే మనిషి పేరు
☐ తిరుగు ప్రయాణం బండి
☐ మూడు వ్యాయామాలు వచ్చాయా?

ఆరూ అయ్యాయంటే మీరు సిద్ధమే. ఏదైనా మిగిలితే మీ ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడండి, లేదా 104కు ఫోన్ చేయండి. మోకాళ్ల నొప్పితో బాధపడే చుట్టాలెవరైనా ఉంటే ఈ పీడీఎఫ్ వాళ్లకూ పంపండి.