బీరులో ఆల్కహాలు తగ్గితే రుచి ఎటు పోతుంది?

భిలాయి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి ద్రవ ఇనుము దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడితో బయటికొస్తుంది. ఆ ఊరికి ఆనుకునే ఉన్న దుర్గ్‌లో ‘సింబా’ క్రాఫ్ట్ బీర్లు తయారవుతాయి. బీరు తయారీలో అసలు కీలకం 60, 70 డిగ్రీల మధ్య ఉంది. గాఢమైన బీరు కావాలా, తేలికైనదా అన్నది చాలావరకు ఆ కొద్ది డిగ్రీల్లోనే తేలుతుంది.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. మన రాగిమాల్ట్‌లోని మాల్ట్ కూడా ఇదే. చిక్కటి జావలో మొలకెత్తిన రాగిపిండి కలిపితే కాసేపటికి పలుచబడుతుంది; మొలకలోని అమైలేజ్ ఎంజైములు పిండిపదార్థాన్ని ముక్కలు చేయడమే కారణం. బీరులో ఈ పని చేసేవి ప్రధానంగా రెండు. బీటా అమైలేజ్ 60–65 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉండి మాల్టోజ్ అనే చక్కెరను ఇస్తుంది. ఈస్ట్ దాన్ని తిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. వేడి 70కి చేరితే బీటా త్వరగా దెబ్బతింటుంది, ఆల్ఫా అమైలేజ్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు డెక్స్‌ట్రిన్లు ఎక్కువగా మిగులుతాయి. వాటిని మామూలు బీరు ఈస్ట్ పెద్దగా తినలేదు. ఆల్కహాలు తగ్గినా బీరు నీళ్లలా అనిపించకపోవడానికి ఇవే ఆధారం.

లెక్క సులువే. పులియకముందు, పులిశాక సాంద్రత కొలిచి, తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం సుమారుగా వస్తుంది. 1.048 నుంచి 1.012కి దిగితే 4.7 శాతం. మొదట్లోనే మాల్ట్ తగ్గించి 1.036తో మొదలుపెట్టి అక్కడే ఆగితే 3.1.

అర శాతం లోపు బీరు చేయడం మాత్రం కష్టం. మాల్టోజ్‌ను తినలేని సాకరోమైకోడీస్ లుడ్విగీ వంటి ఈస్ట్‌లను వాడతారు. తేడా వస్తే ఉడికించిన మాల్ట్ వాసన పోదు.

తేలికైన బీరును అంచనా వేయాలంటే నాలుకకంటే ముక్కునే నమ్మాలి. మంచులా చల్లబరిస్తే వాసనలు పైకి లేవవు. 8–10 డిగ్రీలు చాలు. బెల్జియం పద్ధతి గోధుమ బీరు ‘విట్’లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ధనియాల పరిమళానికి ముఖ్య కారణమైన లినలూల్ హాప్ పూలలోనూ ఉంది. ఈ విషయం తెలిసి తాగితే మన వంటింటి వాసన గుర్తుపట్టకుండా ఉండలేం! స్టౌట్‌కు కాఫీ వాసన మాడ్చిన గింజల నుంచి వస్తుంది.

అయితే శాతం వేరు, మోతాదు వేరు. 3.5 శాతం బీరు 330 మిల్లీలీటర్లలో సుమారు 9 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అదే బీరు 650 మిల్లీలీటర్ల సీసాలు రెండు తాగితే 36 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు సీసా ఒక్కటే 41. ‘తేలికే కదా’ అనుకుంటే జరిగేది ఇదీ. కొలిమి దగ్గర షిఫ్టు దిగి చెమటతో వచ్చినవారి దాహానికి ముందు నీళ్లే కావాలి, ఆల్కహాలు మూత్రాన్ని పెంచుతుంది కనుక. ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. బండి నడిపేవారికి మన చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు; సీసా మీద ఎంత శాతం రాసుందో ఆ పరీక్ష అడగదు.